చాయ్ మానలేను, సిగరెట్ మానాలి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద: సిగరెట్, బీడీ మానడం, మానాక మనసు గుంజితే ఏం చేయాలన్నది. ఛాతీ వార్డులో చాలా ఏళ్లు నర్సుగా పనిచేశాను. ఇప్పుడు పొగ మానాలనుకునేవాళ్లకు కౌన్సెలింగ్ ఇస్తున్నాను. అందుకే నాలుగు ఉత్తరాలు తీసుకుని కాస్త వివరంగా జవాబు రాస్తున్నాను. పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: అక్కా, నాకు 41 ఏళ్లు. రాణిగంజ్‌లో మోటార్ పార్టుల షాపులో కౌంటర్ చూస్తాను. కాలేజీ రోజుల నుంచి సిగరెట్ అలవాటు, రోజుకు పదిహేను దాకా అయ్యేవి. మొన్న మా చిన్నపాప స్కూల్లో ఏం విన్నదో, ఇంటికొచ్చి "డాడీ, నువ్వు చచ్చిపోతావా?" అని అడిగింది. మర్నాటి నుంచి ముట్టుకోలేదు. రెండో వారం నడుస్తోంది. పొద్దున ఎలాగో గడిచిపోతోంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక, మళ్లీ నాలుగున్నరకు ఇరానీ హోటల్ దగ్గర చాయ్ తాగేటప్పుడు ప్రాణం గుంజేస్తోంది. నికోటిన్ గమ్ కొన్నాను. చాయ్ తాగుతూ నములుతున్నాను, గొంతు మంట, ఎక్కిళ్లు తప్ప లాభం లేదు. రాత్రి ఒంటిగంట దాకా నిద్ర రాదు. చేతులు వణుకుతున్నాయి, గుండె దడ, గిరాకీల మీద అరుస్తున్నాను. మానితే ఆరోగ్యం బాగుపడాలి కదా, ఇలా ఎందుకవుతోంది? చాయ్ మాత్రం మానలేను అక్కా.
(సికింద్రాబాద్)

జవాబు: తమ్ముడూ, చాయ్ మానమని నేను చెప్పను. కానీ మీ ఉత్తరంలో నాకు సిగరెట్ కన్నా చాయే ఎక్కువ కనిపించింది. రోజుకు ఎన్ని తాగుతున్నారో రాయలేదు. నా దగ్గరికొచ్చే వాళ్లను అడిగితే తరచూ వినేది ఇదే: చేతిలో సిగరెట్ లేదు, ఏం చేయాలో తోచదు, ఇంకో చాయ్ చెప్తారు. ఇదివరకు మూడు తాగేవాళ్లు ఇప్పుడు ఆరుకు వస్తారు. ఆ లెక్క ఒకసారి వేసుకోండి.

ఎందుకు అడుగుతున్నానంటే, సిగరెట్ పొగలోని కొన్ని పదార్థాల వల్ల మన కాలేయం టీ, కాఫీల్లోని కెఫీన్‌ను మామూలుకన్నా తొందరగా విరిచి పంపించేస్తుంది. పొగతాగేవాళ్లు ఎన్ని చాయ్‌లు తాగినా హాయిగా నిద్రపోయేది అందుకే. పొగ ఆగిన కొద్ది రోజులకే కాలేయం మామూలు వేగానికి వచ్చేస్తుంది. అప్పుడు అదే కప్పు, అదే చాయ్, కానీ రక్తంలో కెఫీన్ దాదాపు రెట్టింపు నిలుస్తుంది. దానికి తోడు మీరు కప్పులు కూడా పెంచి ఉంటే చేతులు వణకవా? రాత్రి కళ్లు మూతపడతాయా? నికోటిన్ ఆగినందుకు చిరాకు, ఆకలి, దిగులు, నిద్ర చెదరడం ఉంటాయి, కాదనను. కానీ నికోటిన్ ఆగితే గుండె వేగం కాస్త తగ్గుతుందే తప్ప పెరగదు. కాబట్టి దడ, వణుకు ముందు చాయ్ ఖాతాలో వేయండి. మానినవాళ్లు ఇలాంటివన్నీ 'మానడం వల్లే' అనుకుని మళ్లీ ముట్టిస్తారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే.

ఇప్పుడు తాగేదానిలో సగానికి దిగండి. పొద్దున ఒకటి, నాలుగున్నరకు వన్ బై టూ, ఆ తర్వాత వద్దు. వారం చూడండి. చాయ్ తగ్గించినా దడ తగ్గకపోతే, ఛాతీలో నొప్పి గానీ బరువు గానీ అనిపిస్తే ఆ వారం కూడా ఆగొద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి. ఇన్నేళ్లు పొగతాగిన గుండె విషయంలో ఊహలు పనికిరావు.

ఇక గమ్. అది మామూలు చూయింగ్ గమ్ కాదు, మందు. అందులోని నికోటిన్ నోటి లోపలి పొర గుండా రక్తంలోకి ఎక్కాలి. చాయ్, కాఫీ, కూల్‌డ్రింక్, నిమ్మరసం తాగినప్పుడు నోట్లో ఆమ్లం పెరుగుతుంది, అప్పుడు అది సరిగా ఎక్కదు. ఉమ్మితో కలిసి కడుపులోకి పోతుంది. మీ మంట, ఎక్కిళ్లు అక్కడి నుంచి వచ్చినవే. గమ్ తప్పేమీ లేదు, చాయ్‌తో కలిపి, గబగబా నమలడం వల్ల అది మీకు అందలేదు.

ఇలా చేయండి. చాయ్ తాగాక నీళ్లతో పుక్కిలించి కనీసం పావుగంట ఆగండి. గమ్ నోట్లో వేసుకుని మెల్లగా కొరకండి. కాసేపటికి మిరియం తగిలినట్టు చురుక్కుమంటుంది. అక్కడితో ఆపేసి చెంపకీ చిగురుకీ మధ్య పెట్టి ఊరుకోండి. చురుకు తగ్గాక మళ్లీ నాలుగుసార్లు కొరికి ఈసారి రెండో చెంప వైపు పెట్టండి. ఒక్కో గమ్ అరగంట ఇలా నడవాలి. నిద్రలేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ ముట్టించే అలవాటు ఉండేదా? అయితే రెండు మిల్లీగ్రాముల గమ్ మీకు చాలకపోవచ్చు, నాలుగు మిల్లీగ్రాములది అవసరమేమో డాక్టర్‌ని అడగండి. మొదటి వారాల్లో మెలకువగా ఉన్నంతసేపు గంటకో రెండు గంటలకో ఒకటి వాడాలి, ఆ తర్వాత మెల్లమెల్లగా తగ్గించుకుంటూ మూడు నెలల్లో ఆపేయాలి.

గుంజుడు మొదలయ్యాక గమ్ వెతుక్కోవడం ఆలస్యం. సిగరెట్ దమ్ములోని నికోటిన్ పది ఇరవై సెకన్లలో మెదడుకు చేరుతుంది, గమ్ నుంచి అందడానికి చాలా నిమిషాలు పడుతుంది. అందుకే మీకు నాలుగున్నర గండమైతే గమ్ మూడూముక్కాలుకు వేసుకోండి. నాలుగుంబావుకు పారేయండి. నాలుగున్నరకు చాయ్ తాగండి. అప్పటికి నికోటిన్ మీ ఒంట్లో ఉంటుంది, చాయ్ దాన్ని పాడుచేయలేదు.

హోటల్ దగ్గర మీరు ఎక్కడ నిలబడతారో నేను ఊహించగలను. చాయ్ గ్లాసు పట్టుకుని బయట, పాన్ డబ్బా పక్కన. లోపలికి వెళ్లి కూర్చోండి. 2008 అక్టోబరు 2 నుంచి దేశమంతా బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడం నిషేధం, హోటళ్లు కూడా అందులోకే వస్తాయి. బల్ల ముందు కూర్చుంటే ముట్టించే వీలుండదు. కుడిచేతికి పని కావాలి, సాసర్ పట్టుకోండి. ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తినండి. చాయ్ అయిపోగానే లేవండి. అయిపోయాక కూర్చుని కబుర్లాడే ఆ పది నిమిషాలే ప్రమాదం.

ఆ పాన్ డబ్బా అతనితో కూడా మాట్లాడండి. మీరు కనబడగానే అడక్కుండానే చేతిలో పెట్టే మనిషి అయి ఉంటాడు, ఉద్దెర ఖాతా కూడా ఉండి ఉంటుంది. ఆ బాకీ కట్టేసి "భయ్యా, మానేశాను, అడిగినా ఇవ్వకు" అని చెప్పండి. నా దగ్గరికొచ్చిన చాలామందికి ఈ ఒక్క మాట పనిచేసింది. డబ్బావాళ్లు మాట నిలబెట్టుకుంటారు, వాళ్లకూ పిల్లలున్నారు.

గుంజుడు ఎంత గట్టిగా వచ్చినా కొన్ని నిమిషాలే, మామూలుగా ఐదు దాటదు. ఆ ఐదు నిమిషాలకు ఏం చేస్తారో ముందే అనుకుని ఉంచుకోండి. గోడౌన్‌లోకి వెళ్లి సరుకు లెక్క చూస్తారో, ఇంటికి ఫోన్ చేస్తారో, చన్నీళ్లు మెల్లగా తాగుతారో మీ ఇష్టం. ఒంట్లో నికోటిన్ తాలూకు బాధ మొదటి వారమే ఎక్కువ, మూడు నాలుగు వారాలకు చాలావరకు సర్దుకుంటుంది. ఆ తర్వాత కూడా ఒక్కోసారి, ఎవరి పెళ్లిలోనో, పాత దోస్తు కలిసినప్పుడో, నెలల తర్వాత ఉన్నట్టుండి లాగుతుంది. అప్పుడు కంగారు పడొద్దు, అది కూడా ఐదు నిమిషాలే. పొరపాటున ఒకటి తాగేశారనుకోండి, అంతటితో అయిపోయిందని ప్యాకెట్ కొనకండి. ఆ రోజు నుంచే మళ్లీ గమ్, మళ్లీ అదే లెక్క.

లూజ్ సిగరెట్లు కొనేవాళ్లు ప్యాకెట్ చూడరు, దాని మీది బొమ్మా చూడరు, నంబరూ చూడరు. 1800-11-2356, ఇది జాతీయ పొగాకు క్విట్‌లైన్. ఫోన్ ఉచితం. తెలుగులో మాట్లాడతారు, తర్వాత వాళ్లే మళ్లీ ఫోన్ చేసి ఎలా ఉన్నారో కనుక్కుంటారు.

మీ సేటుకు, ఇంట్లో ఆవిడకు ముందే చెప్పి ఉంచండి, రెండు మూడు వారాలు చిరాకుగా ఉంటాను, పట్టించుకోకండి అని. ఇక పాపకు జవాబు బాకీ ఉంది కదా. బ్రిటన్‌లో 1951 నుంచి యాభై ఏళ్ల పాటు డాక్టర్ల ఆరోగ్యాన్నే గమనించి, 2004లో ఫలితాలు ప్రచురించారు. జీవితాంతం పొగతాగినవాళ్లు సగటున పదేళ్లు ముందే పోయారు. నలభై ఏళ్లప్పుడు మానినవాళ్లకు అందులో తొమ్మిదేళ్లు దక్కాయి. మీకు 41. ధైర్యంగా చెప్పండి.

ప్రశ్న: మేడమ్ గారూ, మా ఆయనకు 52 ఏళ్లు. షుగర్ ఉంది, రోజూ ఇన్సులిన్ తీసుకుంటారు. అయినా సిగరెట్ మానరు. అడిగితే కోపం, అలుగుతారు. బాల్కనీలో నిలబడి తాగుతారు, పొగంతా హాల్లోకే వస్తుంది. మా చుట్టాలావిడ ఒక పొడి తెచ్చిచ్చింది. రోజూ చిటికెడు పప్పుచారులో ఆయనకు తెలియకుండా కలిపితే నెలలో సిగరెట్ వాసనంటేనే అసహ్యం పుడుతుందట. కలపమంటారా?
(దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: వద్దు చెల్లెమ్మా. ఈ రోజే పారేయండి. అందులో ఏముందో ఆ ఇచ్చినావిడకు తెలియదు, అమ్మినవాడు చెప్పడు. ఇన్సులిన్ మీద ఉన్న మనిషికి తెలియని పొడి పెట్టడం ప్రాణంతో ఆట. ఏదైనా అయి ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టర్ "ఏం తిన్నాడు?" అని అడుగుతాడు, మీరు ఏం చెప్తారు? పైగా ఈ సంగతి ఆయనకు తెలిసిన రోజున మీ చేతి అన్నం ఆయన నమ్మి తినలేరు.

మీ ఆరాటం నాకు అర్థమవుతుంది. షుగర్ ఉండి పొగతాగేవాళ్ల కాళ్లకు ఎన్నోసార్లు కట్టు కట్టాను. బొటనవేలి కొన నల్లబడి మొదలవుతుంది. మొద్దుబారిన కాలు కాబట్టి నొప్పి తెలియదు. చెప్పు కరిచిందేమో అనుకుంటారు. షుగర్ ఒకవైపు, పొగ ఇంకోవైపు రక్తనాళాలను సన్నం చేసేస్తే పుండు మానడానికి కావలసిన రక్తం అక్కడికి రాదు. మొదట వేలు తీస్తారు, ఒక్కోసారి అక్కడితో ఆగదు. ఈ మాట మీరు చెప్తే పోట్లాట అవుతుంది. ఆయన షుగర్ డాక్టర్ చెప్తే వింటారు. ఈసారి చెకప్‌కు మీరూ వెళ్లండి. లోపలికి వెళ్లే ముందే సిస్టర్‌తో చెప్పించండి, సిగరెట్ సంగతి డాక్టర్ గారినే ఎత్తమనండి.

ఇంట్లో "ఇవాళ ఎన్ని?" అని అడగడం, చొక్కా వాసన చూడడం మానండి. దానికి బదులు ప్రశాంతంగా ఉన్నప్పుడు "మీకు ఏ టైముకు మరీ కష్టం?" అని అడగండి. రాత్రి భోజనమయ్యాక అంటారనుకుంటాను. చెయ్యి కడగగానే ఇద్దరూ కిందికి దిగి నడవండి, ఆయన జేబులో ప్యాకెట్ ఉన్నా సరే. బాల్కనీ విషయం మాత్రం ఖచ్చితంగా చెప్పవచ్చు, అది మీ ఊపిరి. తలుపు వేసినా సందుల్లోంచి పొగ వస్తుంది. తాగదలిస్తే గేటు బయట తాగమనండి. నాలుగు అంతస్తులు దిగి ఎక్కాలంటే ఒకటి రెండు వాటంతటవే తగ్గుతాయి.

ఆయన మానడానికి ఒప్పుకున్న రోజు ఒక జాగ్రత్త. పొగ ఆగాక కొందరికి ఇన్సులిన్ అవసరం తగ్గుతుంది. పాత డోసే కొనసాగిస్తే షుగర్ పడిపోవచ్చు. చెమట, వణుకు, తల తిరగడం, ఉన్నట్టుండి కోపం వస్తే సిగరెట్ లేక ఇలా అయిపోయాడనుకుంటారు. ముందు గ్లూకోమీటర్ తీయండి. మానే తేదీ డాక్టర్‌కు ముందే చెప్పి ఉంచండి, మొదటి వారాల్లో పరీక్షలు కాస్త ఎక్కువసార్లు చేయండి.

ప్రశ్న: ఆంటీ, నాకు 26. మాదాపూర్‌లో హాస్టల్లో ఉంటాను. ఆఫీసులో టెన్షన్‌తో మొదలై రోజుకు ఐదారు అయ్యాయి, సన్నవి, లైట్ అంటారు కదా, అవే. వచ్చే ఏడాది పెళ్లి. మానితే లావైపోతానని భయం. ఫ్రెండ్ వేప్ వాడమంటోంది, అది సేఫ్ అట. మెడికల్ షాపులో గమ్ అడగాలంటే సిగ్గు.
(మాదాపూర్)

జవాబు: తల్లీ, సన్నవైనా, లైట్ అన్నా ఒకటే. నికోటిన్ చాలకపోతే తెలియకుండానే గట్టిగా, లోతుగా పీలుస్తావు, అంతే తేడా. వేప్ వద్దు. 2019 నుంచి మన దేశంలో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం అన్నీ నిషేధం. కాబట్టి నీ ఫ్రెండ్‌కు దొరికేది దొంగసరుకు, అందులో ఎంత నికోటిన్ ఉందో ఎవరూ పూచీ ఇవ్వరు.

బరువు సంగతి నిజమే చెప్తాను. మానినవాళ్లు మొదటి ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు పెరుగుతారు, అందులో ఎక్కువ మొదటి మూడు నెలల్లోనే. అందరూ పెరగరు. నికోటిన్ చంపేసిన ఆకలి తిరిగొస్తుంది, నాలుకకు రుచి తిరిగొస్తుంది, చేతికి పని ఉండదు కాబట్టి ఏదో ఒకటి నోట్లో వేసుకుంటాం. పెళ్లి వచ్చే ఏడాది కాబట్టి ఇప్పుడే మాను, బరువు తర్వాత చూసుకోవచ్చు. రెండూ ఒకేసారి పెట్టుకోకు. కడుపు మాడ్చుకుంటే సిగరెట్ మీదికి ఇంకా లాగుతుంది. డెస్క్ మీద చిప్స్ బదులు వేయించిన శనగలు, కీరా ముక్కలు, సోంపు పెట్టుకో. లంచ్ తర్వాత స్మోకింగ్ గ్యాంగ్‌తో కిందికి దిగే బదులు ఇంకో గేటు నుంచి పావుగంట నడిచి రా.

షాపులో అడగడం సిగ్గనిపిస్తే ఫోన్ యాప్‌లో ఆర్డర్ పెట్టుకోవచ్చు. నాకు మాత్రం నువ్వు తల ఎత్తుకుని అడగాలని ఉంది. మందే కదా, మానడానికే కదా. పైన ఇచ్చిన నంబరుకు హాస్టల్ టెర్రస్ మీంచి ఫోన్ చేసినా చాలు, నీ పేరు ఎవరికీ తెలియదు. కాబోయే అతనికి చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం, నేను తలదూర్చను. పిల్లల కోసం అనుకునే నాటికి మాత్రం పూర్తిగా మానేసి ఉండాలి.

ప్రశ్న: అమ్మా, నాకు 67. మాది జగిత్యాల వైపు. ఇప్పుడు నిజాంపేటలో కొడుకు దగ్గర ఉంటున్న. ఉద్యోగం రోజుల్ల చార్మినార్ సిగరెట్లు, తర్వాత బీడీలు. మనవడు పుట్టిండని ఈ మధ్య బంద్ చేసిన. అప్పటి నుంచి దగ్గు ఎక్కువైంది, కళ్లె పడుతున్నది. పార్కుల దోస్తులు "బీడీ ఉన్నప్పుడే మంచిగుండె, కఫం తెగుతుండె" అంటున్నరు. రోజుకు రెండు తాగితే తప్పా? ఈ వయసుల మానితే ఏం లాభం?
(నిజాంపేట)

జవాబు: అన్నగారూ, రెండు కూడా వద్దు. మన ఊపిరి గొట్టాల లోపలి పొరలో కంటికి కనిపించని సన్నటి నూగు ఉంటుంది. దుమ్మునీ కళ్లెనీ పైకి నెడుతూ ఉండటం దాని పని. ఏళ్ల తరబడి పొగ దాన్ని పడుకోబెట్టేసింది. మీరు మానగానే అది లేచి పని మొదలుపెట్టింది, పాత చెత్తంతా పైకి తెస్తోంది. కొన్ని వారాలు ఇలా ఉండి తగ్గుతుంది. గోరువెచ్చని నీళ్లు తాగుతూ ఉండండి, వచ్చిన కళ్లె మింగకుండా ఉమ్మేయండి.

బీడీ చిన్నది, ఆకుతో చుట్టింది, అంత చెరుపు కాదనే మాట మన వైపు గట్టిగా ఉంది. అది తప్పు. తునికాకు గుండా గాలి ఆడదు, బీడీ ఊరికే ఆరిపోతుంది. ఆరకుండా ఉంచడానికి మాటిమాటికీ గట్టిగా లాగాలి. అందుకే చిన్న బీడీ నుంచే సిగరెట్‌కు తీసిపోనంత నికోటిన్, తారు, కార్బన్ మోనాక్సైడ్ లోపలికి పోతాయి. ఈ వయసులో ఏం లాభమని అడిగారు. పైన చెప్పిన బ్రిటన్ లెక్కలోనే అరవై ఏళ్లప్పుడు మానినవాళ్లకు కూడా సగటున మూడేళ్లు కలిసొచ్చాయి.

అయితే దగ్గునంతా మానడం మీదికే నెట్టి ఇంట్లో కూర్చోవద్దు. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికైనా సరే కళ్లె పరీక్ష చేయించాలి, టీబీ ఉందో లేదో తేలాలి. పొగతాగేవాళ్లకు టీబీ ముప్పు ఎక్కువ. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఆ పరీక్ష, మందులు ఉచితం. మీకు ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి మరీ దూరమేం కాదు. కళ్లెలో రక్తం చార కనిపించినా, బరువు తగ్గుతున్నా, సాయంత్రం జ్వరం వస్తున్నా, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా రేపే వెళ్లండి. ఎక్స్‌రేతో పాటు ఊది చూసే పరీక్ష కూడా చేయించమని అడగండి, స్పైరోమెట్రీ అంటారు. బీడీ వల్ల ఊపిరి గొట్టాలు ఎంత సన్నబడ్డాయో అందులో తెలుస్తుంది, దాన్ని బట్టి ఇన్హేలర్ ఇస్తారు. పొద్దున లేవగానే మొదట వచ్చే కళ్లె పరీక్షకు మంచిది. పాత ఎక్స్‌రేలు ఊళ్లో ఉంటే తెప్పించుకుని వెంట తీసుకెళ్లండి, డాక్టర్ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు.